‘ఇప్పుడు’ అనే అమానతు

ప్రతి భాషలోనూ అతి చిన్న మాటలే అతి పెద్ద చిక్కుముళ్ళను దాచుకొని ఉంటాయి. ‘ఇప్పుడు’ అనే మాట అటువంటిదే. “ఇప్పుడే వస్తున్నానమ్మీ” అని ఫోనులో చెప్పే కుమారునికి, “ఇప్పుడు నొప్పి ఎలా ఉంది?” అని అడిగే వైద్యునికి, “ఇప్పటికైనా మారు నాయనా” అని హితవు చెప్పే పెద్దమనిషికి ఆ మాట అర్థం ఒక్కటి కాదు. మొదటివాని ‘ఇప్పుడు’ అరగంట పొడవుంటుంది. రెండవవానిది ఒక్క శ్వాస. మూడవవానిది మిగిలిన జీవితమంతా.

‘వర్తమానంలో జీవించండి’ అనే ఉపదేశం నేడు పుస్తకాలలో, ప్రసంగాలలో, సెల్‌ఫోను తెరల మీద విరివిగా వినవస్తున్నది. గతాన్ని మరచిపొమ్మని, రేపటి ఊసు వద్దని, ఈ క్షణం ఒక్కటే సత్యమని దాని సారాంశం. వినడానికి హాయిగానే ఉంటుంది. కాని ఆ క్షణం అంటే ఏమిటి? దాని పొడవెంత? అది అందరికీ ఒక్కటేనా? గతాన్నీ భవిష్యత్తునూ తీసివేస్తే అందులో మిగిలేదేమిటి? ఈ ప్రశ్నలకు విజ్ఞానశాస్త్రం కొన్ని సమాధానాలు సంపాదించింది. వాటిలో కొన్ని ఆశ్చర్యం గొలుపుతాయి. ఒకటి మాత్రం మన ఇళ్ళలోని వృద్ధుల పట్ల మన ప్రవర్తనను నేరుగా ప్రశ్నిస్తుంది. ఈ నెల మనం ఆ మార్గంలో కొంతదూరం నడిచి చూద్దాం.

మనకు చేరేసరికే పాతబడిన క్షణం

మెరుపు కనిపించిన తరువాత ఉరుము వినిపిస్తుందని పిల్లలకు కూడా తెలుసు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. రెండు మస్జిద్‌ల అజాన్ ఒకేసారి మొదలైనా, దూరపు మస్జిద్ పిలుపు మన చెవికి ఒకటి రెండు సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఈ ఆలస్యాన్ని చెవి పట్టుకోగలదు. కాంతి ఆలస్యాన్ని కన్ను పట్టుకోలేదు. అయినా ఆలస్యం ఉన్నది. నెలవంక నుండి బయలుదేరిన కాంతి మనల్ని చేరడానికి ఒక సెకనుకు పైగా పడుతుంది. సూర్యకాంతికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. ఇఫ్తార్ వేళ మనం చూసే సూర్యబింబం ఎనిమిది నిమిషాల నాటిది. అంతేకాదు, వాతావరణం కాంతిని వంచడం వలన, లెక్కప్రకారం దిగంతం క్రిందికి దిగిపోయిన సూర్యుడు కూడా మరికొంతసేపు మన కంటికి పైననే కనిపిస్తాడు. దయామయుడైన అల్లాహ్ ఆరాధనా వేళలను ఈ సూక్ష్మమైన లెక్కలతో కాక, సామాన్య మానవుని కంటికి కనిపించే సంకేతాలతో ముడిపెట్టడంలోని సౌలభ్యం ఇక్కడ బోధపడుతుంది.

కాంతికి ప్రయాణకాలం ఉంటుందని వాదించిన తొలి మేధావులలో ఇబ్నుల్ హైసమ్ ఒకరు. క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో జన్మించి, కైరోలో జీవించిన ఈ శాస్త్రవేత్త ‘కితాబుల్ మనాజిర్’ అనే గ్రంథాన్ని ఏడు భాగాలుగా రచించారు. కాంతి వేగం ఎంత అధికమైనా పరిమితమేనన్నది ఆయన అభిప్రాయం. 1676లో డెన్మార్క్ శాస్త్రవేత్త రోమర్ గురుగ్రహపు ఉపగ్రహం గ్రహణాలను గమనించి దానికి ప్రత్యక్ష నిదర్శనం చూపించేసరికి ఆరు శతాబ్దాలకు పైగా గడిచాయి.

ఇబ్నుల్ హైసమ్ చెప్పిన మరొక సంగతి మన విషయానికి ఇంకా దగ్గరైనది. పలు రంగులు పూసిన బొంగరాన్ని వేగంగా తిప్పితే ఆ రంగులు విడివిడిగా కనిపించవు, కలగలిసి ఒకే రంగుగా కనిపిస్తాయి. దీనిని బట్టి, రంగును గుర్తించడానికి మనిషికి కొంత సమయం అవసరమని ఆయన నిర్ధారించారు. అంటే ఆలస్యం బయటి దారిలోనే కాదు, చూసే మనిషి లోపల కూడా ఉన్నదన్నమాట. పిల్లల ఆటవస్తువుతో ఇంత లోతైన విషయాన్ని పట్టుకోవడం ఆయన పరిశీలనాశక్తికి తార్కాణం.

ఆ లోపలి ఆలస్యాన్ని కొలిచినవాడు జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్. నరాలలో సంకేతాల వేగం కొలతకు అందదని ఆయన గురువే భావించేవారు. 1850లో హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరం మీద ప్రయోగాలు చేసి, ఆ వేగం సెకనుకు సుమారు 30 మీటర్లేనని తేల్చారు. కాంతితో పోలిస్తే ఇది నత్తనడక. ధ్వనితో పోల్చినా ఎంతో తక్కువ.

మన కాలి బొటనవేలినీ ముక్కునూ ఒకేసారి తాకి చూద్దాం. ముక్కు నుండి మెదడుకు దూరం జానెడైనా ఉండదు. బొటనవేలి నుండి నిలువెత్తు దూరం. రెండు వార్తలూ ఒకేసారి చేరే అవకాశం లేదు. అయినా రెండు స్పర్శలూ ఒకే క్షణంలో జరిగినట్లు మనకు తోస్తుంది. ముందుగా వచ్చిన వార్తను, వెనుకగా వచ్చిన వార్తను జతచేసి, మెదడు ఒకే సంఘటనగా మనకు అందిస్తుంది. మనం ‘ఇప్పుడు’ అనుకుంటున్నది అప్పటికే జరిగిపోయినది, లోపల కూర్చబడినది.

ఒక సహాయకుని ఉద్యోగం తీసిన తేడా

ఈ సత్యం తెలియకపోవడం వలన ఒక మనిషి జీవనోపాధి పోయిన సంఘటన విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఉన్నది. ఇంగ్లండులోని గ్రీనిచ్ ఖగోళశాల అధిపతి మాస్కెలిన్. ఆయన వద్ద కినెబ్రూక్ అనే యువకుడు సహాయకునిగా పనిచేసేవాడు. దూరదర్శినిలోని సన్నని తీగను నక్షత్రం దాటిన క్షణాన్ని, గడియారపు చప్పుళ్ళు చెవితో వింటూ, కంటితో చూస్తూ నమోదు చేయడం వారి పని. సహాయకుని లెక్క అధిపతి లెక్క కంటే సెకనులో పదింట ఎనిమిది వంతులు వెనుకబడుతూ వచ్చింది. హెచ్చరించినా తేడా తగ్గలేదు. 1796లో ఆ యువకుణ్ణి పని నుండి తొలగించారు.

కొన్ని దశాబ్దాల తరువాత బెస్సెల్ అనే జర్మన్ ఖగోళవేత్త ఈ ఉదంతాన్ని చదివి ఆలోచనలో పడ్డారు. పేరుమోసిన ఖగోళవేత్తల లెక్కలను తన లెక్కలతో సరిచూసుకున్నారు. ఎవరి లెక్కా మరొకరి లెక్కతో సరిపోలేదు. కంటి వార్తనూ చెవి వార్తనూ ఒకచోట చేర్చడంలో ప్రతి మనిషికీ తనదైన తేడా ఉంటుందని అప్పుడు బయటపడింది. అధిపతిది సరైన క్షణమనీ, సహాయకునిది తప్పు క్షణమనీ అనడానికి ఆధారమే లేకపోయింది.

ఒకే గదిలో, ఒకే గడియారం ముందు కూర్చున్న ఇద్దరు నిజాయితీపరుల ‘ఇప్పుడు’లు కూడా ఒక్కటి కావు. “నేను చూసిందే నిజం, నీవు చెప్పేది అబద్ధం” అని తొందరపడి తీర్పు చెప్పేముందు ఈ యువకుణ్ణి ఒకసారి స్మరించుకోవడం మంచిది.

క్షణానికి వెడల్పు ఎంత?

పూర్వం తెలుగువారు కాలాన్ని గడియలతో కొలిచేవారు. రోజుకు 60 గడియలు, గడియకు 60 విఘడియలు. నేటి లెక్కలో గడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు. ‘గడియారం’ అనే మాట ఆ గడియ నుండి వచ్చినదే. నేటి శాస్త్రవేత్తల కొలత ఇంకా సూక్ష్మమైనది. సీజియం పరమాణువు వెలువరించే ఒక తరంగపు 9,192,631,770 కంపనాల కాలాన్ని 1967 నుండి ఒక సెకనుగా నిర్వచించారు. కాలాన్ని ఇంతగా ముక్కలు చేయగలిగినప్పటికీ, ‘ఇప్పుడు’ అనేది వాటిలో ఏ ముక్క అని అడిగితే గడియారం జవాబు చెప్పదు.

ఈ ప్రశ్న మన పండితులకు కొత్తది కాదు. కాలం ఇక విభజించడానికి వీలులేని క్షణాల వరుస అని, ప్రతి క్షణమూ సృష్టికర్త శక్తితోనే నిలుస్తున్నదని అష్అరీ సంప్రదాయ పండితులు భావించారు. ఇబ్నె సీనా దీనితో ఏకీభవించలేదు. ఆయన దృష్టిలో కాలం తెగని ప్రవాహం. ‘ఇప్పుడు’ అనేది కాలంలో ఒక భాగం కాదు, గతానికీ భవిష్యత్తుకూ నడుమ ఉన్న సరిహద్దు మాత్రమే. పొలం గట్టుకు వెడల్పు ఉంటుంది, కాని లెక్కల్లోని సరిహద్దు గీతకు వెడల్పు ఉండదు. ఆ గీత మీద ఎవరూ నిలబడలేరు.

మరి మనం అనుభవించే వర్తమానం ఆ గీత వంటిదేనా? కానే కాదు. అజాన్ వింటున్నామనుకుందాం. “అక్బర్” అనే మాటలోని చివరి శబ్దం చెవికి సోకేసరికి మొదటి శబ్దం గాలిలో కలిసిపోయి ఉంటుంది. అయినా మనం విడివిడి శబ్దాలను వినము, నిండైన మాటను వింటాం. మొదటి శబ్దం ఇంకా మనసులో నిలిచి ఉండటం వలన, రాబోయే శబ్దం కోసం మనసు సిద్ధంగా ఉండటం వలన ఇది సాధ్యమవుతుంది. అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లో వెలువరించిన గ్రంథంలో ఈ విషయాన్ని విస్తారంగా చర్చించారు. మనం అనుభవించే వర్తమానానికి కొంత నిడివి ఉన్నదని ఆయన నిరూపించదలచారు. ఆ నిడివి రెండు మూడు సెకన్లని జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ పొప్పెల్ వంటి పరిశోధకులు ప్రతిపాదించారు. అందరూ ఆ అంకెను అంగీకరించలేదు గాని, నిడివి ఉన్నదనడంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు.

ఆ నిడివిని మెదడు ఎలా సరిదిద్దుతుందో ఇంట్లోనే పరీక్షించవచ్చు. సెకన్ల ముల్లు టక్కుటక్కున కదిలే గోడగడియారం వైపు చటుక్కున చూపు మరల్చండి. ఒక్కొక్కసారి ముల్లు ఆగిపోయినట్లు, మొదటి సెకను మిగతా సెకన్ల కంటే పొడవైనట్లు తోస్తుంది. కన్ను ఒకచోటి నుండి మరొకచోటికి దూకేటప్పుడు చూపు మసకబారుతుంది. ఆ మసకను మెదడు మనకు తెలియనివ్వదు. దాని స్థానంలో, దూకిన తరువాత కనిపించిన దృశ్యాన్నే వెనుకకు సాగదీసి అతుకుతుంది. 2001లో ప్రచురితమైన ఒక పరిశోధన దీనిని కొలిచి చూపించింది. అద్దంలో మన కళ్ళు కదలడాన్ని మనం ఎన్నడూ చూడలేకపోవడానికి కూడా ఇటువంటి కారణమే ఉన్నది.

భయం కలిగినప్పుడు కాలం నెమ్మదిస్తుందని చాలామంది చెబుతారు. అమెరికా పరిశోధకులు 2007లో దీనిని పరీక్షించారు. 31 మీటర్ల ఎత్తు నుండి రక్షణ వలలోకి పడినవారు, తాము పడిన సమయాన్ని ఇతరులు పడిన సమయం కంటే సగటున 36 శాతం ఎక్కువగా అంచనా వేశారు. కాని పడుతున్నప్పుడు మణికట్టు మీది అంకెలను మామూలు కంటే వేగంగా చదవగలిగారా అంటే, లేదు. చూపు వేగం పెరగలేదు, జ్ఞాపకం చిక్కబడింది. ఆపరేషన్ గది బయట గడిపిన గంట మనకు జీవితకాలమంతా గుర్తుండిపోవడంలోని రహస్యమూ బహుశా ఇదే.

విశ్వమంతటికీ ఒకే ‘ఇప్పుడు’ లేదు

ఇంతవరకు చెప్పుకున్నది మనిషి లోపలి సంగతి. బయట, విశ్వంలోనైనా అందరికీ వర్తించే ‘ఇప్పుడు’ ఒకటి ఉన్నదా?

మన గడియారాలు ఒకే కాలాన్ని చూపడం ఒక ఒడంబడిక మాత్రమే. భారతదేశమంతటికీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా ఒకే సమయాన్ని నిర్ణయించుకున్నాం. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. సూర్యునికి ఈ ఒడంబడికతో పనిలేదు. విశాఖపట్నంలో మగ్రిబ్ వేళ అయిన సుమారు 19 నిమిషాలకు గాని హైదరాబాదులో కాదు. పూర్వం పెద్ద మస్జిద్‌లలో నమాజు వేళలను లెక్కకట్టడానికే ‘మువఖ్ఖిత్’ అనే అధికారి ఉండేవారు. 14వ శతాబ్దంలో డమాస్కస్‌లోని ఉమవీ మస్జిద్‌కు మువఖ్ఖిత్‌గా పనిచేసిన ఇబ్నుష్షాతిర్ ఖగోళశాస్త్రంలో అగ్రగణ్యులు. ఏ ఊరి వేళ ఆ ఊరిదేనని వారికి బాగా తెలుసు.

అయితే ఊరికొక వేళ ఉన్నప్పటికీ, వాటన్నిటి వెనుక అసలైన ‘ఇప్పుడు’ ఒకటి విశ్వమంతటా పరచుకొని ఉంటుందనే మనుషులు నమ్ముతూ వచ్చారు. 1905లో ఐన్‌స్టీన్ ఆ నమ్మకాన్ని కదిలించారు. దూరదూరంగా జరిగిన రెండు సంఘటనలు ఒకరికి ఒకే క్షణంలో జరిగినట్లు లెక్కకు వస్తే, వేగంగా ప్రయాణించే మరొకరికి ఒకదాని తరువాత ఒకటి జరిగినట్లు వస్తుంది. ఇద్దరి లెక్కలూ సరైనవే. ఇది కేవలం ఊహ కాదు. మన ఫోనుకు దారి చూపే, ఖిబ్లా దిశను లెక్కించడానికి మనమున్న చోటును తెలిపే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు భూమి మీది గడియారాల కంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలవ వంతు. ఈ స్వల్పమైన తేడాను సరిదిద్దకపోతే దారి చూపడంలో రోజుకు 10 కిలోమీటర్లకు పైగా పొరపాటు పేరుకుపోతుంది.

1922 ఏప్రిల్ 6న పారిస్‌లో ఐన్‌స్టీన్‌కూ ఫ్రెంచి తత్వవేత్త బెర్గ్‌సన్‌కూ కాలం గురించి చర్చ జరిగింది. గడియారం కొలిచే కాలం, మనిషి జీవించే కాలం ఒకటి కావని బెర్గ్‌సన్ వాదించారు. ఐన్‌స్టీన్ అంగీకరించలేదు. అయితే ఆ తరువాతి కాలంలో కార్నాప్ అనే తత్వవేత్తతో సంభాషిస్తూ, ఈ ‘ఇప్పుడు’ సమస్య తనను తీవ్రంగా కలవరపెడుతున్నదని ఐన్‌స్టీన్ చెప్పినట్లు కార్నాప్ తన ఆత్మకథలో నమోదు చేశారు. మనిషి అనుభవంలో వర్తమానానికి గతం నుండీ భవిష్యత్తు నుండీ వేరైన ప్రత్యేకత ఉన్నది. ఆ ప్రత్యేకత మాత్రం భౌతికశాస్త్రపు సమీకరణాలకు అందడం లేదు. అంతటి శాస్త్రవేత్త ఆ లోటును గుర్తించి బాధపడటం ఆయన ఔన్నత్యానికి నిదర్శనం.

కాబట్టి ఒకే ఇంటిలో ఉన్నంత మాత్రాన అందరూ ఒకే క్షణంలో ఉన్నట్లు కాదు. ఉమ్మడి ‘ఇప్పుడు’ దానంతట అది ఏర్పడదు. దానిని మనుషులు ఏర్పరచుకోవాలి. ఏర్పరచే సాధనం ఒక్కటే, ఏకాగ్రత.

దేహం ఇక్కడ, మనసు ఎక్కడో

హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు మనస్తత్వవేత్తలు 2010లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. 2,250 మంది వయోజనులను రోజులో అనుకోని వేళల్లో ఫోను ద్వారా పలకరించి, మీరు చేస్తున్నదేమిటి, మీ మనసు ఆ పని మీదనే ఉన్నదా, ఎలా ఉన్నారు అని అడిగారు. సమాధానాలలో 46.9 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. మనసు చెదిరిన వేళల్లో వారు తక్కువ సంతోషంగా ఉన్నట్లు కూడా తేలింది. ఇవి వారు స్వయంగా చెప్పిన మాటలే గనుక ఈ అంకెను త్రాసుతో తూచిన బరువులా భావించనవసరం లేదు. అయినా నమాజులో నిలబడి దుకాణం లెక్కలు వేసుకున్న అనుభవం ఉన్నవారెవరూ దీనిని కొట్టిపారేయలేరు.

అయితే మనసు గతంలోకీ భవిష్యత్తులోకీ పోవడం దానంతట దోషం కాదు. చేసిన పాపాన్ని తలచుకోలేనివాడు తౌబా చేయలేడు. తీసుకున్న అప్పును గుర్తుంచుకోలేనివాడు తీర్చలేడు. రేపటిని ఊహించలేనివాడు సంకల్పం చేయలేడు. ఆచరణకు ముందు సంకల్పాన్ని నిలిపిన ధర్మం మనది. నియ్యత్ అంటే ఇంకా రాని కాలాన్ని ఈ క్షణంలోనే ఒక దిశకు త్రిప్పడం. సమస్య మనసు ప్రయాణించడంలో లేదు, ఎదుట ఉన్న మనిషిని వదిలి ప్రయాణించడంలో ఉన్నది.

వర్తమానం ఒక్కటే మిగిలితే?

గతమూ భవిష్యత్తూ తొలగి, వర్తమానం ఒక్కటే మిగిలిన మనిషి ఎంత సుఖంగా ఉంటాడో అని ఉపదేశకులు మనల్ని ఊరిస్తారు. నిజంగా అటువంటి స్థితికి లోనైన మనిషి ఉన్నారు. బ్రిటన్‌కు చెందిన సంగీతవేత్త క్లైవ్ వేరింగ్‌కు 1985లో మెదడువాపు వ్యాధి సోకింది. ప్రాణం దక్కింది గాని జ్ఞాపకశక్తి ఛిద్రమైంది. కొత్త అనుభవం ఏదీ ఆయన మనసులో కొద్ది సెకన్లకు మించి నిలవదు. ఆయన దినచర్య పుస్తకంలో, తాను ఇప్పుడే మొదటిసారి మేలుకున్నానని రాసిన వాక్యాలు పేజీలకు పేజీలు కనిపిస్తాయి. కొద్ది నిమిషాలకే వెనుకటి వాక్యాన్ని కొట్టివేసి, అసలైన మేలుకొలుపు ఇదేనని మళ్ళీ రాసేవారు. ఆయనకు మిగిలినది స్వచ్ఛమైన వర్తమానమే. అందులో శాంతి లేదు, తెంపులేని కలవరం ఉన్నది.

కాని ఆ చీకటిలో ఒక దీపం ఆరిపోలేదు. తన భార్య ఎవరో ఆయనకు తెలుసు. ఆమె గదిలోకి వచ్చిన ప్రతిసారీ, పది నిమిషాల క్రితమే వచ్చి వెళ్ళినా సరే, ఎన్నో ఏళ్ళకు కలిసినంత ఆనందంతో ఆమెను అక్కున చేర్చుకునేవారు. సంఘటనలు చెరిగిపోయినా అనురాగం చెరిగిపోలేదు.

ఇది ఒక్క మనిషి విషయంలోనే జరిగిన వింత కాదేమోనని అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించారు. 2014లో ప్రచురితమైన వారి అధ్యయనంలో 17 మంది అల్జీమర్స్ వ్యాధిగ్రస్తులు పాల్గొన్నారు. వారికి దుఃఖం కలిగించే చలనచిత్ర దృశ్యాలను, మరోసారి సంతోషం కలిగించే దృశ్యాలను చూపించారు. కొద్దిసేపటికే ఏమి చూశారని అడిగితే వారికి గుర్తున్నది అతి స్వల్పం. కాని దృశ్యం మరచిపోయిన తరువాత కూడా దుఃఖం మిగిలే ఉన్నది. సంతోషమూ మిగిలే ఉన్నది. తమకు దిగులు ఎందుకు కలిగిందో వారికి తెలియదు. దిగులు మాత్రం పోలేదు.

సోదర సోదరీమణులారా! ఈ ఒక్క సంగతిని మనసులో పదిలపరచుకోవలసిందిగా కోరుతున్నాం.

‘ఉఫ్’ అనేందుకు పట్టే సమయం

మతిమరుపు వ్యాధి సోకిన నానీమా “అసర్ అజాన్ అయిందా?” అని అడుగుతుంది. అయిందని చెబుతాం. రెండు నిమిషాలకు మళ్ళీ అడుగుతుంది. అయిదవసారి అడిగేసరికి మన ముఖం చిట్లిపోతుంది. “ఎన్నిసార్లు చెప్పాలి?” అంటాం. మనకది అయిదవ ప్రశ్న, ఆమెకు అది మొదటి ప్రశ్న. గ్రీనిచ్ అధిపతికీ సహాయకునికీ నడుమ సెకను కంటే తక్కువ తేడా ఉన్నది. మనకూ ఆమెకూ నడుమ ఉన్న తేడా అంతకంటే ఎంతో పెద్దది. తన క్షణాన్ని వదలి మన క్షణంలోకి రావడం ఆమె శక్తికి మించిన పని. మనం ఆమె క్షణంలోకి వెళ్ళగలం. శక్తి ఉన్నవారిదే బాధ్యత.

“ఎలాగూ మరచిపోతుంది కదా” అనుకొని కసురుకునేవారు ఉంటారు. “ఎలాగూ గుర్తుండదు కదా” అనుకొని పలకరించడం మానేసేవారూ ఉంటారు. వీరిద్దరి లెక్కా తప్పేనని పైన చెప్పిన అధ్యయనం తెలుపుతున్నది. మాట మరుపున పడుతుంది, ఆ మాట చేసిన గాయం మిగులుతుంది. పది నిమిషాలు చేయి పట్టుకొని కూర్చున్న సంగతి ఆమెకు సాయంత్రానికి గుర్తుండకపోవచ్చు. ఆ పది నిమిషాల ఊరట మాత్రం, కారణం తెలియని నెమ్మదిగా ఆమె హృదయంలో మరికొంతసేపు నిలిచి ఉంటుంది.

తల్లిదండ్రులు మన వద్ద వృద్ధాప్యానికి చేరుకున్నప్పుడు విసుగును తెలిపే ‘ఉఫ్’ అనే చిన్న శబ్దాన్ని సైతం నోటి నుండి రానివ్వరాదని దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో ఆదేశించిన విషయం మనకు విదితమే. ఆ శబ్దం పలకడానికి అరసెకను కూడా పట్టదు. మనం ఇంతసేపు చెప్పుకున్న ‘ఇప్పుడు’ నిడివిలో అది చిన్న ముక్క. అంత చిన్న ముక్కను ఎందుకు అంతగా పట్టించుకోవాలని ఎవరికైనా సందేహం కలిగి ఉంటే, మరచిపోయే తల్లి ముఖంలో మిగిలిపోయే దిగులే దానికి సమాధానం.

పసిపిల్లల సంగతి కూడా వేరు కాదు. వారి ‘ఇప్పుడు’ మన ‘కాసేపాగు’ను అర్థం చేసుకోలేదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నమాజును సుదీర్ఘంగా చేయించాలని సంకల్పించి కూడా, వెనుక పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనసు తల్లడిల్లుతుందన్న దయతో నమాజును కుదించేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఎంతటి నిమగ్నతలో ఉన్నా, ఆ ఏడుపు ఆయన చెవిని దాటిపోలేదు. ఎవరి వైపైనా తిరిగితే ముఖం మాత్రమే కాక, పూర్తి శరీరంతో తిరిగేవారని ఆయన రూపగుణాలను వర్ణించిన ఉల్లేఖనాలలో ఉన్నది. నేడు మనం ఇంటివారి మాటకు చెవి ఒక్కటి ఇచ్చి, కన్నూ వేలూ ఫోనుకు ఇస్తున్నాం. దస్తర్‌ఖాన్ చుట్టూ నలుగురు కూర్చుంటే నాలుగు వేరువేరు ‘ఇప్పుడు’లు కూర్చుంటున్నాయి.

దీనికి పెద్ద సాధనలేవీ అవసరం లేదు. మాట్లాడేవారి వైపు పూర్తిగా తిరగడం, భోజనమయ్యే వరకు ఫోనును మరో గదిలో ఉంచడం, వృద్ధుల అయిదవ ప్రశ్నకు మొదటి జవాబు స్వరంతోనే జవాబు చెప్పడం. ఈ మూడు చాలు. మూడవది కష్టమైనది. అలసి ఇంటికి చేరిన కోడలికి, కుమారునికి, రాత్రింబవళ్ళు సేవ చేసే కుమార్తెకు అది మరీ కష్టం. అందుచేత ఆ భారాన్ని ఒక్కరి మీద వదలక, ఇంటివారంతా వంతులవారీగా పంచుకోవాలి. కాలాన్ని సాక్ష్యంగా నిలిపిన అస్ర్ సూరా కేవలం మూడు ఆయతులది. అందులోని చివరి మాట సహనం గురించినది. అది కూడా ఒంటరి సహనం కాదు, ఒకరికొకరు బోధించుకునే సహనం.

విశ్వపు గడియారంలో ‘ఇప్పుడు’ ఎక్కడున్నదో శాస్త్రవేత్తలు ఇంకా వెదుకుతున్నారు. మన ఇంటిలో అది ఎక్కడున్నదో వెదకనవసరం లేదు. నానీమా మళ్ళీ అడుగుతున్నది. అసర్ అయిందని, నెమ్మదిగా, మొదటిసారి చెప్పినట్లే చెబుదాం.